పోసిండా, ఇసిరిండా

ఫస్లీ 1350 అమర్‌దాద్ నెలలో, అంటే ఇంగ్లీషు లెక్కన 1941 జూన్‌లో, నాకు మహబూబ్‌నగర్ నుంచి నల్గొండకు తబాదలా అయింది. హోదా మునుపటిదే, ఇంగ్లీషు మాస్టరు. మారింది తరగతి. మహబూబ్‌నగర్‌లో మిడిల్ పిల్లలకు గ్రామర్ వల్లె వేయించి కాలం గడిపినవాణ్ణి, ఇక్కడ మెట్రిక్ పరీక్షకు కూర్చునే పదో జమాతును నా చేతిలో పెట్టారు. బడి పేరు చెప్పను. ఈ కథలో తప్పు చేసినవాణ్ణి నేను, మధ్యలో బడికెందుకు మచ్చ?

ఆ రోజుల్లో మా పిల్లల చదువు మూడు భాషల మీద నడిచేది. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. లెక్కలు, చరిత్ర, భూగోళం అన్నీ ఉర్దూలోనే చెప్పేవాళ్లం. మూడోది ఇంగ్లీషు, పరీక్షలో ఎక్కువ మందిని ముంచేది అదే. ఆ పేపరులో వ్యాకరణం, తర్జుమా, వ్యాసం ఉండేవి. వీటిని బట్టీ పట్టించి ఎట్లాగో ఒడ్డుకు చేర్చవచ్చు. బట్టీకి లొంగనిది ఒక్కటే, 'అన్‌సీన్' అనే ప్రశ్న. పిల్లవాడు అంతకుముందు ఎక్కడా చదవని ఒక పేరా ఇస్తారు. రాసినాయన ఏ మాటలు ఎంచుకున్నాడు, ఆ మాటల వల్ల చదివేవాడికి ఏమి తోస్తుంది అని అడుగుతారు. పేరాలో ఏం జరిగిందంటే మా పిల్లలు చెప్పేవారు. రాసినవాడి భాష సంగతేమిటంటే కలం ఆగిపోయేది.

దానికి నా దగ్గర మందుందనుకున్నాను. వచ్చిన మొదటి నెలలోనే ఒక నోటు తయారు చేశాను. 'రచయిత భాష సరళంగా, మధురంగా ఉంది', 'రచయిత తన పాత్రను ఎంతో గౌరవంతో వర్ణించాడు', ఇట్లాంటి ఇంగ్లీషు వాక్యాలు ఒక పుటెడు. ఏ తలకైనా పట్టే టోపీ అన్నమాట. పిల్లలు వాటిని ఎక్కాల్లాగా అప్పజెప్పేవారు. నేను వరండాలో చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతూ వినేవాణ్ణి. నాకంటే గొప్ప ఇంగ్లీషు మాస్టరు జిల్లాలో లేడని అప్పట్లో నా నమ్మకం. వయసు ముప్పై దాటలేదు, క్షమించవచ్చు.

పదో జమాతులో పదకొండు మంది. వాళ్లలో ఒకడు కొమరయ్య. కేతేపల్లి దాపున ఒక పల్లె వాళ్లది, కురుమల ఇల్లు. తండ్రి బీరయ్య గొర్రెలు కాసేవాడు. ఆ ఇంట్లో కొమరయ్య కంటే ముందు కలం పట్టినవాళ్లు లేరు. నల్గొండలో ఒక చిన్న అర్ర కిరాయికి తీసుకుని, ఇంకో ఇద్దరితో కలిసి వండుకుని చదువుకునేవాడు. పదిహేను రోజులకోసారి తండ్రి జొన్నపిండి మూట నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చేవాడు. వాడి అన్న ఊళ్లో దొరగారి కోటలాంటి ఇంటికి, గడికి, వెట్టికి పోయేవాడు, అంటే పిలిచినప్పుడల్లా కూలి లేని చాకిరి. మెట్రిక్ పాసైతే కొమరయ్యకు ఏదో కచేరీలో అహల్కారు కొలువు, గుమాస్తా పని, దొరికే వీలుంది. కాకపోతే అన్న పక్కన గడి వాకిట్లో నిలబడటమే. ఇది బీరయ్య నాకు మొదటిసారి కనిపించినప్పుడే దాచకుండా చెప్పాడు.

చలికాలంలో టెస్ట్ పరీక్ష వచ్చింది. ఈ టెస్టు సంగతి కొంచెం చెప్పాలి. మెట్రిక్‌కు ఎవరిని పంపాలో బడే తేల్చేది. టెస్టులో నెగ్గినవాళ్ల పేర్లు 'సెండప్ లిస్టు' అనే కాగితం మీద సదర్ ముదర్రిస్ గారు, అంటే హెడ్మాస్టరు, సిరాతో రాసేవారు. అంచున ఉన్నవాళ్ల పేర్లు పెన్సిలుతో రాసేవారు. ఆ తర్వాత మొహతెమిమ్ గారు, అంటే జిల్లా బడుల ఇన్‌స్పెక్టరు, ముయాయినాకు వచ్చి బడి అంతా తనిఖీ చేసి, పెన్సిలు పేర్లను తేల్చేవారు. వాటి మీద సిరా పోనిస్తే పరీక్షకు వెళ్తారు. రబ్బరు తీస్తే ఇంటికి వెళ్తారు.

టెస్టు పేపరులో అన్‌సీన్ పేరా నేనే స్వయంగా రాశాను. కరువు ఏడాది, ఒక భూస్వామి తన మనుషులకు ధాన్యం ఇచ్చిన కథ. నేను మాటలు బాగా ఏరి పెట్టాను. యజమాని మేడ మీద కూర్చున్నాడు. ధాన్యాన్ని పైనుంచి వాకిట్లోకి విసిరించాడు. జనాన్ని ఏరుకోవడానికి 'అనుమతించాడు'. ఒక్క చెయ్యి గింజను ముట్టకముందే గుమాస్తా అందరి పేర్లు రాసుకున్నాడు. చివరకు యజమాని, మీరందరూ సంతోషంగా ఉన్నారా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్లాడు. ఇంత విప్పి చెబితే గుడ్డివాడికైనా కనిపిస్తుందనుకున్నాను.

పదకొండు జవాబుల్లోనూ ఒకటే మాట: రచయిత యజమాని దయను ఎంతో గౌరవంతో వర్ణించాడు, భాష సరళంగా, మధురంగా ఉంది. నా టోపీ నాకే పెట్టారు. నాకు ఒళ్లు మండింది. జమాతులో నిలబడి, ఒకటి పోయిన దారిన అన్నీ పోయే గొర్రెలు మీరంతా అని అరిచాను. కొమరయ్య తల వంచుకున్నాడు. గొర్రెలు కాసేవాళ్ల పిల్లవాడి ముందు ఆ మాట అన్నానని నాకు అప్పుడు తట్టనేలేదు. ఇప్పటికీ గుర్తొస్తే బాధే. అన్‌సీన్‌కు పదకొండు మందికీ సున్నాలే పెట్టాను. మిగిలిన ప్రశ్నలతో పదిమంది ఎట్లాగో గట్టెక్కారు. వ్యాకరణం మొదటినుంచీ కొరుకుడు పడని కొమరయ్య ఒక్కడూ ఆగిపోయాడు. లిస్టులో వాడి పేరు పెన్సిలుతో పడింది.

నాలుగు రోజులకు బీరయ్య వచ్చాడు. జొన్నపిండి మూట వరండాలో దించి, గొంగడి భుజం మీద సర్దుకుని, నా ముందు నిలబడ్డాడు.

"ఏం తప్పు రాసిండు సారూ మావోడు? జర నాకు తెల్వజెప్పుండ్రి."

చదువురాని మనిషికి ఇంగ్లీషు అన్‌సీన్ ఎట్లా తెలుస్తుందని నాకు నవ్వొచ్చింది. కానీ మనిషి అంత దూరం నడిచి వచ్చాడు. సరేనని ఆ పేరాను వాక్యం వాక్యంగా తెలుగులో చెప్పుకొచ్చాను. ధాన్యం ఇచ్చాడు అనే చోటికి రాగానే ఆపాడు.

"ఆగుండ్రి సారూ. గింజలు పోసిండా, ఇసిరిండా?"

విసిరించాడని చెప్పాను.

"గట్లనా. పోస్తే కొంగు వట్టుకుంటరు. ఇసిరితె వంగి ఏరుకుంటరు. వంగాలెననే ఇసిరిండు." మళ్లీ నడిమధ్యలో, "ముట్టకముందే పేర్లెందుకు రాసుకున్నడు? రేపు వెట్టికి పిలుస్తందుకు. గీ కత రాసినాయన ఎవరో గాని, గడి వాకిట్ల నిలవడ్డోడే సారూ."

గడి వాకిట్లో నిలబడ్డవాణ్ణి కాను నేను. అయినా నా పేరాలో నేను ఏరి పెట్టిన మాటలన్నీ ఆయన ఒక్కొక్కటిగా నా చేతికి తిరిగి ఇచ్చాడు. బి.ఏ. చదివిన నా జవాబు కూడా అంత బాగుండదు. నాకు సిగ్గూ వేసింది, సంతోషమూ వేసింది. కొమరయ్యను పిలిపించి అడిగాను: మీ బాపుకు చిటికెలో తెలిసింది, నీకు తెలియలేదా?

"తెల్సింది సార్. పరీక్షల చదివినప్పుడే తెల్సింది."

"మరి రాయలేదేం?"

వాడు తండ్రి వైపు చూశాడు. బీరయ్యే జవాబు చెప్పాడు.

"కాయితం మీద ఎట్ల రాస్తడు సారూ? నోటి మాట గాలికి పోతది. కాయితం మీది మాట కచేరికి పోతది."

తర్వాత అసలు సంగతి బయటికి వచ్చింది. ఒకప్పుడు బీరయ్య తమ్ముడు దొర మీద ఎవరితోనో ఒక అర్జీ రాయించి వేలిముద్ర వేశాడట. అర్జీ తహసీలు కచేరీకి వెళ్లింది. అక్కడినుంచి ఏ దారిన వచ్చిందో, పది రోజుల్లో గడి అరుగు మీద అదే అర్జీని దొర అందరి ముందూ చదివించాడు. ఆ తమ్ముడు ఊరు విడిచి పోయాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఒక నియమం: పెద్దవాళ్ల గురించి మంచి తప్ప వేరే మాట కాగితం మీద పెట్టకూడదు. జమాతులో మిగిలిన పిల్లలను విడివిడిగా అడిగాను. ఇంటికొక కథ ఉంది. పదకొండు మందిలో ఏడుగురికి నా పేరా సరిగానే అర్థమైంది. నేను ఇచ్చిన నోటు వాళ్లకు చదువై ఉపయోగపడలేదు, దాక్కునే చోటుగా ఉపయోగపడింది.

ముయాయినాకు ఇంకా నెల రోజులుంది. పాత నోటును చింపేశాను. బోర్డు మీద బీరయ్య ప్రశ్న రాశాను: పోసిండా, ఇసిరిండా? ఏ పేరా వచ్చినా పిల్లలు చేయవలసింది ఇంతే. రాసినాయన వాడిన మాట పట్టుకోవాలి. దాని పక్కన ఆయన వాడగలిగీ వాడని మాట ఒకటి పెట్టాలి. ఈ మాట వదిలి ఆ మాట ఎందుకు తీసుకున్నాడో చెప్పాలి. సరళం, మధురం అన్నవాడికి బెంచీ మీద నిలబడే శిక్ష.

ఇక రెండో చిక్కు, కాగితం. మెట్రిక్ పరీక్షలో జవాబు మీద నంబరే ఉంటుంది, పేరు ఉండదు, దిద్దేవాళ్లు హైదరాబాదులో ఉంటారు, నీ ఊరు వాళ్లకు తెలియదు అని చెప్పాను. తలలూపారు, నమ్మలేదు. అప్పుడు ఒక పద్ధతి పెట్టాను. ప్రతి గురువారం అన్‌సీన్ జవాబులు నోటుబుక్కులో రాయకుండా విడి కాగితాల మీద, పేరు లేకుండా రాయాలి. నేను అక్కడికక్కడే దిద్ది, తప్పొప్పులు చెప్పి తిరిగి ఇస్తాను. ఎవరి కాగితం వాళ్లు తీసుకెళ్లి, వరండా చివర చప్రాసీ ఇమాం చాయ్ కాచే పొయ్యిలో తమ చేత్తో వేయాలి.

మొదటి గురువారం భయం భయంగా రెండు ముక్కలు రాశారు. కాగితాలు మండాయా లేదా అని పొయ్యి చుట్టూ మూగి చూశారు. రెండో వారానికి సగం పేజీ రాశారు. మూడో వారానికి కొమరయ్య కాగితం అటూ ఇటూ నిండింది. వాడి వ్యాకరణం కుంటుతూనే ఉంది కానీ, ఏ మాట దగ్గర ఆగాలో మాత్రం వాడికి తండ్రిలాగే తెలుసు. పేరాలు నేను ఎంత తిప్పి రాసినా పట్టుకునేవాడు. ఓడిపోతుంటే అంత ఆనందం కలిగిన పని నా ఉద్యోగంలో ఇంకొకటి లేదు. ఇమాం మాత్రం నన్ను ఆటపట్టించేవాడు: "సార్, మీ ఇంగ్లీషుతోని చాయ్ జల్ది మరుగుతాంది. రోజూ రాపియ్యుండ్రి, కట్టెలు మిగుల్తయ్."

ఈ ఉత్సాహంలో నేను ఒక కాయిదా, ఒక నియమం, మరిచిపోయాను. ముయాయినాకు ప్రతి పిల్లవాడి కాంపోజిషన్ నోటుబుక్కు, దిద్దిన తేదీలతో, మాస్టరు దస్తఖత్‌తో బల్ల మీద ఉండాలి. పెన్సిలు పేరున్నవాడికైతే అదే సాక్ష్యం. పిల్లవాడు టెస్టు తర్వాత మెరుగుపడ్డాడని చూపడానికి ఇంకే ఆధారమూ ఉండదు. నా దగ్గర ఉన్నది బూడిద.

మొహతెమిమ్ గారు చెప్పిన రోజుకే వచ్చారు. పెద్దవయసు, సన్నటి మనిషి, మాట తక్కువ. అంతకు రెండు రోజుల ముందు హెడ్మాస్టరు గారు బడికి సున్నం వేయించారు. రోడ్డు వైపు గోడలకు సరిపోయేసరికి సున్నం అయిపోయింది, వెనక గోడ అట్లాగే ఉండిపోయింది. మొహతెమిమ్ గారు కుర్చీలో కూర్చుంటూనే బడి శుభ్రంగా ఉందని మెచ్చుకున్నారు. హెడ్మాస్టరు గారు సలాం చేశారు.

పదో జమాతుకు వచ్చి నోటుబుక్కులు అడిగారు. తిరగేశారు. టెస్టు తర్వాత అన్‌సీన్ ఒక్కటీ లేదేమని ఉర్దూలో అడిగారు. రాయించాను, కాల్చాను అని చెప్పాను. మొహతెమిమ్ గారు, పని చేయని మాస్టర్లందరూ నోటుబుక్కులు చెదలు తిన్నాయంటారు, తగలబెట్టానన్నవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను అన్నారు. ఎందుకు కాల్చానో రెండు ముక్కల్లో చెప్పాను. ఆయన సెండప్ లిస్టు తీసుకుని, పెన్సిలు పేరు మీద వేలు పెట్టి, జేబులోంచి రబ్బరు తీసి బల్ల మీద పెట్టారు.

తర్వాత తన సంచిలోంచి ఒక ఇంగ్లీషు రీడరు తీసి, అందులోంచి ఒక పేరా బోర్డు మీద స్వయంగా రాశారు. జమాతంతా జవాబు రాయాలి. కాగితం పైన పిల్లవాడి పేరు, తండ్రి పేరు, ఊరు విధిగా ఉండాలి. పిల్లలు నా వైపు చూశారు.

పేరా ఇట్లా ఉంది. ఒక జడ్జీ ఒక చిన్న పట్నానికి వస్తాడు. అంతకుముందు రెండు రోజులు జనం సున్నం కొడతారు. రోడ్డు వైపు గోడలు తెల్లగా మెరుస్తుంటాయి. జడ్జీ బండి దిగకుండానే, ఎంత శుభ్రమైన పట్నం అని మెచ్చుకుని సాగిపోతాడు. మొహతెమిమ్ గారు కావాలని రాశారా, పుస్తకం తెరిస్తే అదే వచ్చిందా, నాకు ఇప్పటికీ తెలియదు.

గంట కొట్టారు. ఆయన కాగితాలు తీసుకుని మొదట కొమరయ్యది వెతికి తీశారు. నేను పక్కనుంచి చూశాను. పైన పేరు, బీరయ్య పేరు, ఊరి పేరు, మూడూ ఉన్నాయి. కింద వాడి కుంటి ఇంగ్లీషులో ఇట్లా ఉంది: పట్నం తెల్లగా ఉందని రచయిత రాయలేదు. రోడ్డు వైపు గోడలు తెల్లగా ఉన్నాయని రాశాడు. ఉట్టి గోడలు అనవచ్చు, కానీ రోడ్డు వైపు అన్నాడు, మనం వెనక గోడను తలుచుకోవాలని. జడ్జీ గురించి 'బండి దిగకుండానే' అని రాశాడు, దిగితే వెనక్కి పోయి చూసేవాడు కాబట్టి. రచయిత గోడల మీద కోపంగా లేడు, దిగని మనిషి మీద కోపంగా ఉన్నాడు.

మొహతెమిమ్ గారు కాగితం రెండుసార్లు చదివారు. కుర్చీలోంచి లేచారు. వరండా దిగి, బడిని చుట్టి వెనక్కి నడిచారు. హెడ్మాస్టరు గారూ నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. వెనక గోడ ముందు ఆయన ఎంతసేపు నిలబడ్డారో తెలియదు గాని, నాకు మాత్రం ఒక పీరియడంత కాలం గడిచినట్టయింది. కొమరయ్య తన చోట బిగుసుకుని కూర్చున్నాడు.

ఆయన తిరిగి వచ్చి కూర్చుని, "దురుస్త్ హై" అన్నారు. సరిగ్గా ఉంది అని. సిరాబుడ్డి అడిగి, లిస్టులో పెన్సిలు పేరు మీద కలం పోనిచ్చారు. రబ్బరు మళ్లీ జేబులో పెట్టుకున్నారు. గోడ గురించి ఆయనా అనలేదు, మేమూ అనలేదు. నాకైతే ఎగిరి గంతెయ్యాలనిపించింది.

తర్వాత ఆయన కొమరయ్య కాగితం నా చేతికిచ్చి, మీ కాయిదా ప్రకారం ఇది ఎక్కడికి పోవాలో మీకే తెలుసు అన్నట్టు వరండా చివరి పొయ్యి వైపు చూశారు. కొమరయ్య లేచాడు.

"ఉండనీయుండ్రి సార్. గది నా పేరు మీదనే ఉన్నది, ఉండనీ."

మొహతెమిమ్ గారు నా చేతిలోంచి కాగితం తిరిగి తీసుకుని ముయాయినా ఫైలులో పెట్టించారు. ఆ ఏడాది పదో జమాతు అన్‌సీన్ పనికి సంబంధించి ఫైలులో ఉన్న కాగితాలు ఆ రోజు రాసినవే. అన్నిటికంటే పైన ఉన్నది కొమరయ్యది.

నా మీద జవాబ్ తలబ్ మాత్రం తప్పలేదు, అంటే నోటుబుక్కులు ఎందుకు లేవో రాతపూర్వకంగా చెప్పమన్న తాఖీదు. ఇచ్చాను. ఒక మందలింపుతో పోయింది. కొమరయ్య మెట్రిక్ పాసయ్యాడు. వ్యాకరణంలో పోయినవి అన్‌సీన్‌లో వచ్చాయి. పాసైన ఏడాదే తహసీలు కచేరీలో అహల్కారుగా కుదిరాడు. ఒకప్పుడు వాళ్ల చిన్నాయన అర్జీ పోయినట్టి బల్లలే అవి. తన బల్ల మీదికి వచ్చిన అర్జీ ఏ గడికీ పోకుండా తన బల్ల మీదనే ఉంటుందని ఒకసారి నల్గొండ బజారులో కలిసినప్పుడు చెప్పాడు. బీరయ్యను తర్వాత నేను చూడలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు చాలా బడుల్లో ఇదే పాఠం చెప్పాను. ఆ నెల రోజుల్లో నేర్చుకున్నది ఇంతే. మాట వెనక మాటను చూడటం పిల్లలకు ఇంటినుంచే వచ్చి ఉంటుంది, దాన్ని మాస్టరు కొత్తగా ఇవ్వనక్కర్లేదు. రాస్తే ఏమవుతుందో అన్న భయం తీరనిదే ఆ చూపు కాగితం మీదికి రాదు. కాబట్టి కొత్త బడికి తబాదలా అయినప్పుడల్లా హాజరీ పుస్తకం కంటే ముందు నేను చప్రాసీని ఒక సంగతి అడిగేవాణ్ణి: చాయ్ పొయ్యి ఎక్కడ?